ఏడువందల యాభై గ్రాములు

ఫెన్సింగులో బంగారు పతకమని ఫోన్ చేస్తే
ఇసకపల్లి రొయ్యల గుంటల కాడి నుంచి పోలయ్య అడిగాడు:
"ఎన్ని మీటర్లు కట్టిందంట సార్?"
ఆయనకు ఫెన్సింగంటే ముళ్ళతీగ.
రాతికూసాలు, కటింగ్ ప్లేయరు, మీటరుకింత కూలి.
నేను నవ్వలేదు.
రెండేళ్ళ కింద దాకా నాకూ అంతే తెలుసు.

కావలిలో ఇంజనీరింగ్ కాలేజీ. ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ని,
పేరు మస్తాన్ వలీ, జీతం ఇక్కడ రాయను.
ఒక సాయంత్రం చెంబేటి పెంచలరాణి,
సివిల్ రెండో సంవత్సరం,
కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది.
"మొనలో స్ప్రింగు ఉంది సార్.
ఏడువందల యాభై గ్రాములు ఎత్తలేకపోతే
పోటీకి పనికిరాదంట. మీ తూకపు రాళ్ళు ఇస్తారా?"

పెట్టె తీశాను.
ఐదువందలది, రెండువందలది, యాభైది.
మూడూ గుడ్డలో మూటకట్టి మొన మీద ఆనిస్తే
స్ప్రింగు అణిగి, వణికి,
వెంట్రుకవాసి లేచింది.
అప్పుడు ఊపిరి వదిలింది ఆ పిల్ల.

ఆ తర్వాత తెగిన తీగలు అతికించడం నా పనైంది.
మాస్కు కిటికీకి ఆరేసి
సోల్డరింగ్ పొగలోనే కూర్చుని
నీటి ప్రవాహాల లెక్కలు చేసుకునేది.
తెల్లారి ఐదింటికి సైకిల్ షెడ్డులో
సుద్దతో గీసిన పద్నాలుగు మీటర్లు.
ఎదురు నిలబడేది వాచ్‌మన్ కుక్కొక్కటే.
ముందుకొక అడుగు, వెనక్కి రెండు.
"వెనక్కెందుకు మే?"
"దూరం నా చేతిలో ఉండాలి సార్."
అర్థం కాకపోయినా తల ఊపాను.

సెలవుల్లో దాని భుజం మీద నీలం మచ్చలు చూసి
పోలయ్య తన మోచేతులు చాపాడంట.
ముళ్ళతీగ గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా.
గుడ్డిదీపం దగ్గర ఇద్దరూ లెక్కపెట్టుకున్నారంట.
ఆయనే గెలిచాడంట.

ఫైనల్ నేను చూళ్ళేదు, కోచ్ చెప్పిన మాట.
పద్నాలుగు, పద్నాలుగు.
ఈమె వైపు పచ్చలైటు వెలిగింది.
హాలు హాలంతా లేచింది.
మాస్కు తీసి, "పట్టీ బయట నేలకు తగిలింది" అందంట.
ఒళ్ళేదో నేలేదో లైటుకేం తెలుసు?
మళ్ళీ నిలబడ్డారు.
ఈసారి తగిలింది మణికట్టుకి.

పేపర్లో రెండు లైన్లు, అందులో పేరు 'పెంచల రమణి'.
యూనివర్సిటీ ఫస్టు వచ్చినప్పుడు మాత్రం సరిగ్గా వేశారు.

ఆమె వెళ్ళిన ఏడాది స్టాక్ తనిఖీలో
యాభై గ్రాముల రాయి లేదు.
రిజిస్టర్లో "పోయినది" అని రాసి
నా జీతంలో నూటపది రూపాయలు కోశారు.
నేనెవరి పేరూ చెప్పలేదు.

పెన్న పొంగిన రాత్రి
ఆనకట్ట మీద రెయిన్‌కోటులో ఆమెని టీవీలో చూశాను.
పైవాళ్ళు తెల్లారేదాకా ఆగమన్నా
సాయంత్రం నుంచే గేట్లు జానెడు, జానెడు ఎత్తిస్తూ
ఏటికి చోటిస్తూ వచ్చిందంట.
కింది ఊళ్ళలో వాకిళ్ళు తడిశాయి, అంతే.
సైకిల్ షెడ్డు గుర్తొచ్చింది నాకు.

రిటైరయ్యాక నెల్లూరు వెళ్ళి కలిశాను.
బల్ల మీద ఇత్తడి రాయి, దాని కింద కాయితాలు.
ఫ్యాను గాలికి అంచులు కొట్టుకుంటున్నాయి.
"కట్ట పని బిల్లు సార్. సిమెంటు తక్కువ.
నాలుగు నెలలైంది, సంతకం పెట్టలేదు."
సొరుగు తీసి నూటపది రూపాయలు ఇచ్చింది.
పుచ్చుకున్నాను. బాకీ బాకీయే.
రాయి మాత్రం అడగలేదు.

బయట ఆఫీసు చుట్టూ కొత్త ముళ్ళతీగ.
"మీ నాయన కట్టిందేనా?"
"కాదు సార్. టెండరు వేస్తానంటే వద్దన్నా."
కాసేపు తీగ వైపే చూసి
"నెల్లాళ్ళు నాతో మాట్లాడలా" అంది.